తలుపుకి 14 రోజుల నోటీసు అంటించి వెళ్తే: సియాటిల్ పరిసరాలకు కొత్తగా వచ్చినవాళ్లకు

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే తలుపుకి టేపు వేసి ఒక కాగితం ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో, 14 రోజుల్లో అద్దె కట్టండి లేదా ఖాళీ చేయండి అని. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు చూశారేమోనని చటుక్కున చింపి, మడిచి జేబులో పెట్టుకుంటాం. నేనూ అదే చేశాను. మూడు రోజులు దాన్ని మళ్లీ తెరవలేదు. ఉన్న 14 రోజుల్లో మూడు అలా పోయాయి.

ఆ కాగితంతోనే ఇల్లు పోదు. వాషింగ్టన్ రాష్ట్రంలో మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే ఓనరు కోర్టుకు వెళ్లి గెలవాలి, తర్వాత షెరీఫ్ (జిల్లాలాంటి కౌంటీకి పోలీసు అధికారి) రావాలి. ఓనరు తనంతట తాను తాళం మార్చడం, కరెంటో నీళ్లో ఆపేయడం చట్టవిరుద్ధం. గడువు ఒకప్పుడు 3 రోజులే ఉండేది, 2019లో చట్టం మార్చి 14 చేశారు. ఆ 14 రోజుల్లో నోటీసులో ఉన్న బాకీ మొత్తం కట్టేస్తే విషయం అక్కడితో ఆగుతుంది.

అందుకని ముందు ఆ మొత్తం సరిగ్గా ఉందో లేదో చూడండి. నోటీసులో అద్దె, లీజులో రాసుకున్న నెలవారీ ఛార్జీలు మాత్రమే ఉండాలి. లేటు ఫీజు, లాయరు ఖర్చు, గోడకు పడ్డ గీతలకు వేసిన డబ్బు అందులో కలపకూడదు. మీరు కట్టిన డబ్బును కూడా ముందు అద్దెకే జమ చేయాలి. లీజింగ్ ఆఫీసులో మీ ఖాతా లెడ్జర్ (ఏ నెల ఎంత పడింది, ఎంత కట్టారు అన్న లెక్క) ఇమ్మని ఈమెయిల్‌లో అడగండి, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని వరుసగా టిక్కులు కొట్టండి. నోటీసు ఇచ్చాక కొన్నిచోట్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో చెల్లింపు ఆపేస్తారు. పోర్టల్ పనిచేయలేదని ఊరుకోవద్దు, బ్యాంకే హామీగా రాసిచ్చే క్యాషియర్ చెక్కు తీసుకుని ఆఫీసుకే వెళ్లి ఇవ్వండి. రసీదు అడిగితే ఇవ్వాల్సిందే. నగదు కడితే అడగకుండానే ఇవ్వాలి.

ఇక రూమ్మేట్ల సంగతి. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను.

మేం నలుగురం ఒకే లీజు మీద సంతకాలు పెట్టాం. ఒకడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మొదటి నెల పంపాడు, రెండో నెల "ఈ వారం పంపేస్తా రా" అన్నాడు, మూడో నెల ఫోనే ఎత్తలేదు. మేం ముగ్గురం మా వాటాలు ఒకటో తారీఖునే కట్టేవాళ్లం కాబట్టి మాకేం భయం లేదనుకున్నాం. నోటీసు మాత్రం నలుగురి పేర్ల మీదా వచ్చింది. ఆఫీసుకు వెళ్లి "మా వాటా మేం కట్టాం కదండీ" అంటే, అక్కడి అమ్మాయి లీజు తీసి చూపించింది. అందులో వాటాలన్న మాటే లేదు. మొత్తం అద్దెకు నలుగురూ బాధ్యులు, ఒక్కొక్కరూ బాధ్యులే. వాటాలు మనం వాట్సాప్‌లో రాసుకున్నవి, ఓనరుకు వాటితో పనిలేదు. చివరికి చేబదుళ్లు తెచ్చి పదకొండో రోజున కట్టాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి రూమ్మేట్ వెళ్లిపోతుంటే ఊరికే వదలకండి. లీజులోంచి అతని పేరు తీసి కొత్తవాళ్ల పేరు చేర్చమని ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. అందరి డబ్బూ ఒక్కడి ఖాతాలో వేసి అతను కట్టే పద్ధతి ఉంటే, నెలనెలా అతను నిజంగా కట్టాడని చూపే స్క్రీన్‌షాట్ తీసుకోండి. స్నేహంలో ఇదేం లెక్కలు అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

లీజులో పేరు లేకుండా ఎవరి దగ్గరో సబ్‌లీజుకు ఉంటున్నవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. మీరు కట్టిన డబ్బు ఓనరుకు చేరిందో లేదో మీకు తెలియదు. తలుపు మీద ఎవరి పేరుతో నోటీసు కనిపించినా తెరిచి చదవండి.

14 రోజులు దాటిపోతే తర్వాత వచ్చేవి సమన్లు, అంటే మీ మీద పెట్టే కేసుకు జవాబు చెప్పమనే కాగితాలు. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఇక్కడుంది. సమన్ల మీద జవాబు ఇవ్వాల్సిన తేదీ రాసి ఉంటుంది. ఆ తేదీ సమన్లు అందిన రోజు నుంచి కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించి ఎక్కువ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఆ లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేయొచ్చు. కొన్నిసార్లు సమన్ల మీద కేసు నంబరు ఉండదు. అది చూసి, ఇది ఉత్త బెదిరింపు అనుకుని పక్కన పడేస్తారు. ఈ రాష్ట్రంలో కోర్టులో దాఖలు చేయకముందే సమన్లు ఇచ్చే పద్ధతి ఉంది, నంబరు లేకపోయినా జవాబు ఇచ్చి తీరాలి. జవాబులో పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. మీ పేరు, చిరునామా, ఈ కేసులో నేను హాజరై నా వాదన చెప్పుకుంటాను అన్న ముక్క, సంతకం, తేదీ ఉంటే మొదటి గండం గడుస్తుంది. దాన్ని ఓనరు తరఫు లాయరుకు అందేలా చేయాలి, కేసు నంబరు ఉంటే కోర్టులో కూడా దాఖలు చేయాలి. ఎలా అందించాలో సమన్లలోనే రాసి ఉంటుంది. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

లాయరుకు డబ్బెక్కడిది అంటారా? ఖాళీ చేయించే కేసుల్లో పేద అద్దెదారులకు ఉచితంగా లాయరును ఇచ్చే చట్టాన్ని అమెరికాలో మొదట తెచ్చిన రాష్ట్రం వాషింగ్టన్, 2021లో. ప్రభుత్వ సహాయం అందుకుంటున్నవాళ్లకూ, పన్నులు పోగా ఆదాయం ఫెడరల్ పేదరిక పరిమితికి రెండింతలు మించనివాళ్లకూ ఇది వర్తిస్తుంది. చట్టంలో షరతు ఆదాయం గురించే, వీసా గురించి కాదు. ఫోన్ చేయాల్సింది ఉచిత న్యాయసహాయం చేసే నార్త్‌వెస్ట్ జస్టిస్ ప్రాజెక్ట్ వాళ్ల ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించడం) లైన్‌కు: 855-657-8387. మనకు రాదులే అని మీరే తేల్చేసుకోకండి, ఆ లెక్క వాళ్లను చూడనివ్వండి. కింగ్ కౌంటీలో ఉంటే కింగ్ కౌంటీ బార్ అసోసియేషన్ నడిపే హౌసింగ్ జస్టిస్ ప్రాజెక్ట్ కూడా ఈ కేసులే చూస్తుంది. మీ కౌంటీ ఏదో ముందు సరిచూసుకోండి. రెడ్మండ్, బెల్వ్యూ కింగ్ కౌంటీవే, బోథెల్ మాత్రం కొంత కింగ్‌లో, కొంత స్నోహోమిష్‌లో ఉంటుంది. విచారణకు తెలుగు దుబాసీ కావాలంటే ముందుగానే అడగండి.

అద్దె డబ్బు సాయం కోసం 211కు ఫోన్ చేస్తే మీ ప్రాంతంలో ఎవరి దగ్గర నిధులున్నాయో చెప్తారు. ఈస్ట్‌సైడ్‌లో (రెడ్మండ్, బెల్వ్యూ వైపు) హోప్‌లింక్, ఇంకా సెయింట్ విన్సెంట్ డి పాల్ ఇలాంటి సాయం చేస్తాయి. నిధులు త్వరగా అయిపోతుంటాయి, ఒకసారి లేదన్నారని వదిలేయకుండా మళ్లీ చేయండి. లీజు, నోటీసు, గుర్తింపు కార్డు, జీతం లేదా లేఆఫ్ కాగితాలు దగ్గర పెట్టుకునే చేయండి. సాయం చేస్తామని ఆ సంస్థ రాసిచ్చిన హామీ పత్రం ఉంటే దాని కాపీ వెంటనే ఓనరుకు పంపండి, అది అద్దె బాకీ మొత్తానికీ ఉండి నోటీసు గడువులోగా అందితే వాళ్లు దాన్ని అంగీకరించాలి. ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టేముందు మాత్రం మీ వీసా సంగతి ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక మాట మాట్లాడుకోండి. తెలుగు సంఘాల హెల్ప్‌లైన్లకు చేయడానికి మొహమాటపడక్కర్లేదు. కాకపోతే వాట్సాప్ గ్రూపులో ఎవరో కాలిఫోర్నియా నుంచి చెప్పిన గడువులు ఇక్కడ పనికిరావు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం.

తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చినా ఇంకా కొంత దారి ఉంటుంది. 5 కోర్టు పనిదినాల్లో అద్దె బాకీ, కోర్టు ఖర్చులు, మొత్తం 75 డాలర్లు మించని లేటు ఫీజు, కోర్టు వేస్తే ఓనరు లాయరు ఖర్చు కట్టేస్తే అదే ఇంట్లో ఉండొచ్చు. అంత డబ్బు ఒకేసారి లేకపోతే 90 రోజుల్లో తీరేలా వాయిదాలు ఇమ్మని జడ్జిని అడగొచ్చు. ఈ నోటీసుకు ముందు 12 నెలల్లో ఇలాంటి నోటీసులు మూడు లేదా అంతకంటే ఎక్కువ అందుకున్నవాళ్లకు ఈ వాయిదాల సౌకర్యం ఉండదు. అన్నీ దాటిపోయి షెరీఫ్ కాగితం అంటిస్తే, ఆ తర్వాత కనీసం 3 రోజుల గడువు ఉంటుంది.

హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోయినవాళ్ల టెన్షన్ వేరు. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండటానికి మీకున్నది గరిష్ఠంగా 60 రోజులు, ఐ94 (ఎప్పటివరకు ఉండొచ్చో చూపే రికార్డు) తేదీ ముందే వస్తే అంతవరకే. చెప్పాపెట్టకుండా తాళాలు వదిలేసి ఇండియా ఫ్లైటెక్కేస్తే బాకీ కలెక్షన్ ఏజెన్సీకి పోతుంది, మళ్లీ వచ్చిన రోజున క్రెడిట్ రిపోర్టులో ఎదురుచూస్తుంటుంది. ఉద్యోగం పోయిన వారమే లీజు ముందుగా ముగించడం గురించి ఆఫీసుతో మాట్లాడండి. మీరు మధ్యలో వెళ్లిపోయినా ఓనరు ఇంకొకరికి అద్దెకిచ్చే ప్రయత్నం చేయాలి, ఇల్లు ఖాళీగా పెట్టుకుని మిగిలిన నెలలన్నీ మీ నుంచి రాబట్టడం కుదరదు. డిపాజిట్ లెక్క 30 రోజుల్లో చెప్పాలి. వాళ్లు ముందుకు తోసే ఏ కాగితం మీదైనా, ముఖ్యంగా నా ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను అని ఉన్నదాని మీద, లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

బాకీ తీరి ఇంట్లోనే ఉండిపోయినా కోర్టులో దాఖలైన కేసు రికార్డు అలాగే ఉంటుంది, తర్వాత ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఏడేళ్ల వరకు కనిపించొచ్చు. దాన్ని స్క్రీనింగ్ కంపెనీలు (అద్దెకు అడిగేవాళ్ల పాత రికార్డులు వెతికి ఓనర్లకు ఇచ్చేవి) బయటపెట్టకుండా ఉత్తర్వు ఇమ్మని అదే కోర్టును అడిగే వీలుంది. కేసు ముగిసిన రోజే, లాయరు ఇంకా మీ పక్కన ఉండగానే ఆ సంగతి అడగండి. బాకీ సున్నా అని చూపే లెడ్జర్ కాపీ కూడా ఆ వారంలోనే తీసి పెట్టుకోండి.