నల్లమల ఎంత కుదించుకుపోయిందో కొలవడం ఎలా

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలను దాటేటప్పుడు, ఒకప్పుడు నీటి అడుగున దాదాపు చదునుగా పరుచుకున్న ఇసుక, బురద పొరలు రాయిగా మారి, ఏటవాలుగా లేచి, వంగి కనిపిస్తాయి. తూర్పు నుంచి పడిన ఒత్తిడికి ఆ పొరలు ముడుతలు పడి, తెగిన చోట ఒకదానిపై ఒకటి ఎక్కి, మునుపటికన్నా తక్కువ వెడల్పులో ఇమిడిపోయాయి. ఆ కుదింపును దారంతో, స్కేలుతో కూడా కొలవవచ్చు.

కొలతకు ముందు ఒక విషయం బాగా అర్థం కావాలి. ముడుత, థ్రస్ట్ భ్రంశం (ఒత్తిడికి ఒకవైపు రాయి రెండోవైపు రాయిపైకి ఎక్కిన పగులు) అనేవి చాలా చోట్ల ఒకే కదలికకు రెండు రూపాలు. షేల్ వంటి మెత్తని పొరలో భ్రంశం పొరకు సమాంతరంగా సాగుతుంది. క్వార్ట్‌జైట్ వంటి గట్టి పొర అడ్డుపడితే, తరచుగా 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే వాలుతో దానిని కోసుకుంటూ పైకి వెళుతుంది. ఆ వాలు ఎక్కే రాతి పలక వంగక తప్పదు కనుక దానిపై అపనతి, అంటే పైకి ఉబ్బిన ముడుత, ఏర్పడుతుంది. అందువల్ల ఉపరితలంపై అపనతిని చూసిన ప్రతిసారీ దాని కింద భ్రంశం ఉందేమోనని అనుమానించడం మంచి అలవాటు.

మొదట భూగర్భ పటంపై ముడుతల అక్షాలకు, అంటే ముడుతలు పొడవునా సాగే గీతలకు, లంబంగా ఒక గీత గీయాలి. నల్లమల అక్షాలు స్థూలంగా ఉత్తర దక్షిణాలుగా, పడమటికి ఉబ్బిన విల్లులా సాగుతాయి కనుక మధ్యభాగంలో ఆ గీత తూర్పు పడమరలుగా ఉండాలి. ఐమూలగా గీస్తే కదలిక దిశ తప్పి లెక్క మొత్తం చెడుతుంది. ఆ గీత వెంట పొరల నతులను, అంటే అవి ఎటు, ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నాయో, గుర్తించి, అడ్డానికీ నిలువుకూ ఒకే స్కేలుతో నిలువుకోత చిత్రాన్ని వేయాలి. నిలువు స్కేలును సాగదీసిన చిత్రంపై ఈ కొలత పనికిరాదు.

తరువాత మందం పెద్దగా మారని గట్టి పొరను ఎంచుకోవాలి. ఇక్కడ బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అందుకు తగినది. కంభం షేళ్లు, పలకరాళ్లు ఒత్తిడికి నలిగి మందం మార్చుకుంటాయి కనుక వాటి పొడవును నమ్మకూడదు. చిత్రంలో ఆ గట్టి పొర వంపులన్నిటి వెంట నూలు దారాన్ని పరచి, భ్రంశం తెంచిన చోట ఆపి, అవతలి ముక్క మొదలైన చోటు నుంచి మళ్లీ కొలవాలి. ఉదాహరణకు దారం పొడవు 42 కిలోమీటర్లకు, చిత్రం వెడల్పు 30 కిలోమీటర్లకు సమానమైతే కుదింపు 12 కిలోమీటర్లు. శాతాన్ని తొలి పొడవుపైనే లెక్కించాలి: 12ను 42తో భాగిస్తే సుమారు 29 శాతం. చాలామంది పొరపాటున 30తో భాగించి 40 శాతం అని రాస్తారు.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియడానికి, నేటికీ కుదించుకుపోతున్న హిమాలయాలతో పోల్చి చూడవచ్చు. అక్కడ కుదింపు ఏడాదికి సుమారు 20 మిల్లీమీటర్లు. ఆ వేగంతో 12 కిలోమీటర్లకు 6 లక్షల ఏళ్లు పడుతుంది. అయితే ఆ కదలిక చాలావరకు ఏటేటా నెమ్మదిగా జరగదు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో హిమాలయాల కిందున్న థ్రస్ట్ జారి, ఖాట్మండు ప్రాంతం ఒక్కసారిగా మీటరుకు పైగా దక్షిణానికి జరిగింది.

ముడుత కింద జారుడు తలం, అంటే పై పొరలు జారిన భ్రంశపు తలం, ఎంత లోతులో ఉందో తెలియకపోతే వైశాల్యాన్ని వాడాలి: పైకి లేచిన వైశాల్యాన్ని కుదింపుతో భాగిస్తే ఆ లోతు వస్తుంది. చిత్రంలో పొర తన అసలు మట్టానికి పైన ఆక్రమించిన వైశాల్యం 6 చదరపు కిలోమీటర్లు, ఆ ముడుత కుదింపు 2 కిలోమీటర్లు అయితే, జారుడు తలం ఆ మట్టానికి 3 కిలోమీటర్ల కింద ఉండాలి.

నల్లమల పడమటి అంచున, రుద్రవరం వద్ద, పాతవైన నల్లమల రాళ్లు వాటికన్నా కొత్తవైన కర్నూలు రాళ్లపైకి ఎక్కాయి. థ్రస్ట్‌కు ఇంతకన్నా స్పష్టమైన గుర్తు దొరకదు. కానీ తెగిన క్వార్ట్‌జైట్‌కు జత ముక్క కుందూ లోయ వైపు ఉపరితలంపై కనిపించదు. పైకెక్కిన పలక ముందు భాగం కూడా కోతకు గురై పోయి ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ గీసిన చిత్రం నుంచి వచ్చే కుదింపు విలువకు ముందు ‘కనీసం’ అనే మాటను తప్పక చేర్చాలి.