అన్నం తగ్గించినా షుగర్ దారికి రాకపోతే

సంగటికి మారాక కూడా తిన్న రెండు గంటలకు 200 దాటుతోంది

రాగులు షుగరుకు మంచివన్న నమ్మకమే ఇక్కడ దెబ్బతీస్తుంది. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటే, రాగిపిండిలో 67 దాకా ఉంటుంది. తేడా అంతే. పైగా మన చిత్తూరు సంగటిలో బియ్యమో నూకలో పడతాయి. 60 గ్రాముల పిండి, 30 గ్రాముల బియ్యం పట్టిన ముద్ద ఒక్కటి తింటే 60 గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి పోయినట్టే.

వండకముందే తూకం వేయండి. ముద్దను సగానికి తగ్గించి ఆ ఖాళీని పుల్లగూర, గుడ్లు, నాటుకోడి పులుసుతో నింపండి. ముందు కూర, ఆఖర్న సంగటి. పితికిపప్పు చేసిన రోజు ముద్ద ఇంకా చిన్నది కావాలి, అందులోని అనపగింజల్లోనూ పిండి ఉంది. తినే ముందు, మొదలుపెట్టిన రెండు గంటలకు రీడింగు రాసుకోండి. చాలామందికి రెండో అంకె 180 లోపు ఉండాలి.

మధ్యాహ్నానికి ముందే చెమటలు, వణుకు, గుండెదడ

అన్నం తగ్గింది, మాత్ర తగ్గలేదు, అందుకే షుగర్ మరీ పడిపోతోంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది నిజంగా ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లలో అరుదు. మీటరులో 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, ఎక్కకపోతే మళ్లీ అంతే. ఇంట్లో ప్రసాదం లడ్డూ ఉందని దాంతో సరిపెట్టకండి, అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అసలు అన్నం తగ్గించే ముందే డాక్టరుతో డోసు మాట్లాడుకుని ఉండాలి.

రాత్రి అన్నం మానేసినా పరగడుపున ఎక్కువే

తెల్లవారుజామున కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజును వదులుతుంది. రెండు మూడు రాత్రులు మూడు గంటలకు లేచి చూడండి. అప్పుడు తక్కువగా ఉంటే రాత్రి మందు ఎక్కువవుతోందేమో డాక్టరును అడగాలి. అప్పుడూ మామూలుగానే ఉంటే రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి పావుగంట నడవండి.

మొదటి వారం తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం

అన్నం తగ్గి ఒంట్లో ఇన్సులిన్ తగ్గగానే మూత్రంలో ఉప్పు, నీళ్లు ఎక్కువ పోతాయి. తిరుపతి ఎండల్లో చెమటగానూ పోతాయి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ రెండు గ్లాసులు చాలు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం అడిగాకే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతూ వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ మామూలుగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా చేరి ఉండొచ్చు.

రెండు కిలోలు తగ్గి బరువు ఆగిపోయింది

మొదట పోయిందాంట్లో ఎక్కువభాగం నీరే. ఆ తర్వాత అడ్డుపడేది ఎక్కువగా చెనక్కాయలు, ఊరిబిండి, నూనె. వంద గ్రాముల చెనగ్గింజల్లో 560 కేలరీలకు పైనే. రోజుకు 30 గ్రాములు దాటనీయకండి.

ఉన్నట్టుండి మీటరు 300 చూపింది

మామిడిపండు కోసిన చేతులా? వేలికి అంటిన రసమే రీడింగును పెంచేస్తుంది. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, మళ్లీ చూడండి.