పంపు కొట్టినా దమ్ము తగ్గట్లేదా? ముందు డబ్బాల లెక్క చూడండి

పత్తి ఏరే రోజుల్లో, కొనుగోలు కేంద్రాల్లో వడ్లు తూర్పారబట్టే రోజుల్లో నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు ఆస్తమా ఉన్నవాళ్ల నోట ఎక్కువగా వినపడే మాట: "మొదట్ల రెండు పఫ్‌లకే తగ్గేది, ఇప్పుడు నాలుగు కొట్టినా దమ్ము ఆగుత లేదు." పంపు, అంటే ఇన్‌హేలర్, ఒంటికి అలవాటైందని భయపడి కొందరు అన్ని ఇన్‌హేలర్లూ మానేస్తారు. అది ప్రమాదం. మొద్దుబారేది ఒక్క రకం మందు విషయంలోనే.

ఆ మందు సాల్బుటమాల్. ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. కండరం మీద ఈ మందు అంటుకుని పనిచేసే చోట్లుంటాయి, వాటినే బీటా గ్రాహకాలంటారు. వాటికి రోజూ ఇది తగులుతుంటే అవి తగ్గిపోతాయి. దుమ్ము తగిలితే గొట్టాలు మునుపటికంటే తొందరగా బిగుస్తాయి. పైగా లోపలి వాపును ఇది ముట్టదు. వాపు తగ్గించేది బుడెసోనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. రోజూ వాడినా దాని పని తగ్గదు.

డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లుంటాయి. పొద్దున రెండు, రాత్రి రెండు కొడితే 50 రోజులకు అయిపోతుంది. ఏడాదికి మూడు సాల్బుటమాల్ డబ్బాలు దాటుతున్నాయంటే ఆస్తమా అదుపులో లేనట్టే. నెలకొకటి పడుతుంటే ప్రాణానికే ముప్పు. కొన్న తేదీ డబ్బా మీదే రాసిపెట్టండి. 200 దాటాక కూడా బుస్సుమంటుంది గానీ అందులో మందు సరిగ్గా రాదు. నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పద్ధతి నమ్మొద్దు.

తర్వాత పీల్చే తీరు. చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. డబ్బా బాగా ఊపి స్పేసర్‌కు (డబ్బాకూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) పెట్టండి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు గట్టిగా మూసి, ఒక్క పఫ్ కొట్టి మెల్లగా లోతుగా పీల్చండి. 10 సెకన్లు బిగపట్టండి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండోది. రెండూ ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వండి. బట్టతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది. క్యాప్సూల్ వేసే రోటాహేలర్‌ది వేరే లెక్క: వేగంగా, గట్టిగా పీల్చాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే డబ్బాలన్నీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావొద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాపు తగ్గించే బుడెసోనైడ్, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ రెండూ కలిసిన ఇన్‌హేలర్ మీకు సరిపోతుందేమో అడగండి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. బీపీకో, తలనొప్పికో ప్రోప్రనొలాల్ వాడుతుంటే తప్పక చెప్పండి. అది సాల్బుటమాల్ పనికి అడ్డుపడుతుంది.

దమ్ము ఎక్కువైనప్పుడు మాత్రం "అలవాటవుతుంది" అని వెనకాడొద్దు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇచ్చి, నాలుగు నిమిషాలు చూడండి. తగ్గకపోతే మరో నాలుగు ఇస్తూ 108కి ఫోన్ చేయండి. మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా మొదటి పఫ్ కొడుతుండగానే ఫోన్ కలపండి.