సైకిల్ మీద రోడ్డెక్కాలంటే భయమా? ముందు అది ఏ భయమో పట్టుకోండి

నలభై ఒకటో ఏట సైకిల్ కొన్నాను. మొదటి మూడు నెలలూ అది బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికే పనికొచ్చింది. అలాగని తొక్కడం రాక కాదు. చిన్నప్పుడు ఊళ్లో గంటకింతని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కినదాన్నే. కానీ హైదరాబాద్‌లో మా కాలనీ గేటు దాటి మెయిన్ రోడ్డు కనబడగానే చేతులు చల్లబడేవి. "రోజూ తొక్కు, అదే అలవాటవుతుంది" అన్నారు అందరూ. అవలేదు. ఎందుకంటే నాది ఒక భయం కాదు, నాలుగైదు కలిసి ముద్దైపోయినవి. విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో కారణం కనబడింది. కొన్ని పానాతో పోయాయి, కొన్ని గ్రౌండులో అరగంట సాధనతో పోయాయి.

కింద ఉన్నవన్నీ నాకో, నా తర్వాత మా కాలనీలో మొదలుపెట్టినవాళ్లకో ఎదురైనవే. మీది ఏదో చూసుకుని అక్కడికే వెళ్లండి. రెండోది మాత్రం వదలకండి.

ఎక్కగానే హ్యాండిల్ ఊగుతోంది, పడిపోతానేమో అనిపిస్తోంది

చాలామందికి కారణం మరీ మెల్లగా తొక్కడం. భయంతో నడక వేగానికి తగ్గిస్తారు. సైకిల్ ఎక్కువ ఊగేది సరిగ్గా ఆ వేగంలోనే. గంటకు 10, 12 కిలోమీటర్లు అందుకుంటే దానంతటదే నిలకడగా పోతుంది. గేర్ల సైకిలైతే బయలుదేరేటప్పుడు తేలిక గేరులో ఉండాలి. బరువు గేరులో మొదటి తొక్కుకే ఒళ్లంతా ఊగి హ్యాండిల్ మెలికపడుతుంది.

రెండో కారణం చూపు. ముందు చక్రం కేసి చూస్తూ తొక్కితే ఎవరికైనా తూలుతుంది. పది పదిహేను అడుగుల అవతలికి చూడండి. గుంత కనబడితే గుంతను కాదు, దాని పక్కన ఉన్న దారిని చూడాలి. కళ్లు ఎటుంటే సైకిల్ అటే పోతుంది. గుంతనే చూస్తూ సరిగ్గా అందులోకే దిగిన అనుభవం నాకు రెండుసార్లు ఉంది.

టైర్లలో గాలి కూడా చూడండి. ఎంత పట్టాలో టైరు పక్కనే పీఎస్‌ఐ అనే గాలి ఒత్తిడి కొలతలో రాసి ఉంటుంది. గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కి, తప్పంతా మనదే అనిపిస్తుంది.

అసలు బ్యాలెన్సే రానివాళ్లు సీటు బాగా దించి, పెడల్స్ రెండూ విప్పేసి, కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లండి. కాళ్లు పైకెత్తి పది సెకన్లు పోగలిగాక పెడల్స్ బిగించుకోవచ్చు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

వేగం అందుకోగానే గుండె దడ, తెలియకుండానే కాళ్లు ఆగిపోతున్నాయి

నా అసలు రోగం ఇదే. వేగమంటే భయం అనుకున్నాను. కాదు, ఆపగలనన్న నమ్మకం లేకపోవడం. కావలసిన చోట సైకిల్ ఆగుతుందని చేతులకు తెలిసిన రోజు సగం భయం పోయింది. అందుకే ఎవరు అడిగినా తొక్కడం కన్నా ముందు ఆపడం నేర్చుకోమంటాను.

మొదట సైకిల్ సంగతి చూడండి. బ్రేక్ లీవర్ నొక్కితే హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోందా? అయితే కేబుల్ వదులైంది. లీవర్ దగ్గర కేబుల్ బయటికొచ్చే చోట చిన్న గుండ్రటి మర ఉంటుంది. దాన్ని బయటికి విప్పుతూ వస్తే బిగుస్తుంది. అలా బిగుసుకోకపోయినా, బ్రేక్ రబ్బర్ల మీద గాడులు అరిగిపోయినా, సైకిల్ షాపుకి తీసుకెళ్లండి. నాకైతే లీవర్ వేళ్లకు అందేది కాదు. కొన్నచోట ఎవరూ చెప్పలేదు. చాలా లీవర్లకు ఉండే చిన్న స్క్రూ తిప్పితే అది హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుందని మూడు నెలలకు తెలిసింది. రెండు నిమిషాల పని!

తర్వాత ఏ చెయ్యి ఏ బ్రేకో చూసుకోండి. మన దగ్గర సాధారణంగా కుడి చెయ్యి ముందు చక్రానిది, కానీ అన్ని సైకిళ్లకూ అలాగే ఉండాలని లేదు. బ్రేక్ పడగానే బరువంతా ముందుకొస్తుంది కాబట్టి ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. అలాగని అదొక్కటే గట్టిగా పట్టేస్తే వెనక చక్రం లేస్తుంది. వెనకది ఒక్కటే పట్టేస్తే జారుతుంది. రెండూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ, నడుము కాస్త వెనక్కి జరిపి ఆపాలి.

సాధన ఇలా చేశాను. ఆదివారం స్కూలు గ్రౌండులో సున్నంతో ఒక గీత గీసి, ముప్పై అడుగుల దూరం నుంచి వచ్చి ముందు చక్రం గీత మీద ఆగేలా ఇరవైసార్లు. తర్వాత కాస్త వేగంగా ఇంకో ఇరవై. చివరికి మా అబ్బాయి ఎప్పుడు చెయ్యెత్తితే అప్పుడు ఆపడం. వాడికది ఆట, నాకు పరీక్ష. వారంలో మూడు రోజులు ఇలా చేశాక చేతులు ఆలోచించడం మానేశాయి.

ఇంకొకటి. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది సైకిల్ ఆగాక. సీటు మీదే కూర్చుని కాలు కింద పెట్టబోతే అందదు, పక్కకు ఒరిగిపోతారు. మొదట్లో రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించుకోండి. ఆ ఎత్తులో మోకాళ్లు త్వరగా అలుస్తాయి, అయినా కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. ధైర్యం వచ్చాక, కింది పెడల్ మీద మడమ పెడితే కాలు తిన్నగా వచ్చేంత ఎత్తుకు పెంచుకోవాలి. అప్పుడు ఆపేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి కాలు పెట్టడం అలవాటు చేసుకోవాలి.

వెనక నుంచి బండి వస్తుంటే ఒళ్లు బిగుసుకుపోతోంది

కనబడనిది మీదకు వస్తుంటే ఎవరికైనా భయమే. దాంతో చేసే తప్పు, రోడ్డు చివరి అంగుళానికి జరిగిపోవడం. అక్కడ ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, ఆగిన కార్లు. ఏదైనా అడ్డొస్తే చటుక్కున లోపలికి రావాలి, ప్రమాదం అప్పుడే. పైగా మీరు ఎంత అంచుకు పోతే ఆటో అంత దగ్గరగా దూరుతుంది. అంచు నుంచి మూడడుగులు లోపలికి ఉండి, తిన్నగా ఒకే గీతలో వెళ్లండి. ఆగి ఉన్న కారు పక్కన పోయేటప్పుడు దాని తలుపు తెరుచుకున్నా తగలనంత ఎడం ఉండాలి.

హారన్ సంగతి. నన్ను తిడుతున్నారనుకుని మొదట్లో ప్రతి హారన్‌కూ దిగిపోయేదాన్ని. మన ఊళ్లలో ఎక్కువసార్లు దాని అర్థం "వస్తున్నా, అలాగే పో" అనే. మీరు అలాగే పోతే చాలు.

ఎదురొచ్చే బండ్లు కనబడతాయి కదా అని కొందరు రాంగ్ రూట్‌లో తొక్కుతారు. మీరు 15లో, బైకు 40లో ఎదురెదురుగా వస్తే వేగాలు కలిసి 55. ఒకే వైపు వెళ్తుంటే తేడా 25 మాత్రమే. ఎదుటివాడికి మిమ్మల్ని చూసి తప్పుకునే టైమ్ ఎప్పుడు ఎక్కువో లెక్క మీరే వేసుకోండి.

వెనక్కి చూడటం కూడా గ్రౌండులోనే నేర్చుకోవాలి. తల తిప్పగానే సైకిలూ అటే పోతుంది మరి. వెనక ఎవరినైనా నిలబెట్టి వేళ్లు చూపించమనండి. గీత తప్పకుండా తొక్కుతూ ఒక్కసారి తిరిగి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. హ్యాండిల్‌కు అద్దం పెట్టుకుంటే మంచిదే, కానీ పక్కకు జరిగే ముందు తల తిప్పి చూడక తప్పదు.

లారీకి, బస్సుకి ఎడమ పక్కన దూరొద్దు, ముఖ్యంగా కూడళ్లలో. స్టాపు దగ్గర బస్సు ఎడమకు కొడుతుంది. దాని వెనకే ఉండండి.

ట్రాక్ మీద బాగానే తొక్కుతాను, రోడ్డు మీదకొస్తే మళ్లీ మొదటికే

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ (టీఎస్‌పీఏ) వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకొకటి. ఆరు ఆదివారాలు అక్కడ తొక్కి, జయించేశాననుకున్నాను. సోమవారం కాలనీ గేటు దగ్గర మళ్లీ అవే చల్లటి చేతులు. ట్రాక్‌తో బ్యాలెన్స్, గేర్లు, దమ్ము వస్తాయి గానీ ట్రాఫిక్ భయం పోదు. అది ట్రాఫిక్‌లోనే పోవాలి, కాకపోతే చిన్న మోతాదులో. మొదటి వారం కాలనీ సందులు, రెండో వారం పాల ప్యాకెట్ కోసం పక్క వీధి, తర్వాత మెయిన్ రోడ్డు మీద ఒక్క కిలోమీటరు. తెల్లవారుజామున రోడ్లు ఖాళీ కదా అని పెద్ద రోడ్డుతో మొదలుపెట్టకండి. ఖాళీ రోడ్డు మీద కార్లు ఇంకా వేగంగా వస్తాయి.

కుక్కలు

వేగంగా కదిలేదాన్ని తరమడం కుక్క నైజం. మీరు వేగం పెంచితే దానికి ఇంకా ఉత్సాహం. నెమ్మదించి, దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని, "హేయ్, పో!" అని గట్టిగా గదమండి. చాలావరకు ఆసక్తి పోయి వెనుదిరుగుతాయి. నడుస్తూ వాటి వీధి దాటాక ఎక్కండి. కరిచినా, పన్ను గీరుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. చిన్న గాటేలే అనుకోవద్దు.

చున్నీ ఇరుక్కుంటుందేమో, నలుగురూ చూస్తారేమో

మొదటిదానికి మందుంది. చున్నీ మడిచి బ్యాగులో పెట్టేయండి, చైను కుడివైపు ఉంటుంది కాబట్టి కుడి కాలి ప్యాంటు అంచుకు రబ్బరు బ్యాండ్ వేయండి, చైను మీద కవరు బిగించుకోండి. రెండోదానికి లేదు, చూస్తారు. "ఈ వయసులో సర్కస్ ఎందుకమ్మా" అన్నారు మా అత్తగారు. నెల తిరిగేసరికి ఆవిడే కొత్తిమీర కట్టకు నన్ను పంపడం మొదలుపెట్టారు.

ఒకసారి పడ్డాను, మళ్లీ ఎక్కబుద్ధి కావడం లేదు

ఎందుకు పడ్డారో తేలకపోతే ప్రతి మలుపూ పడేసేలాగే ఉంటుంది. ఆ చోటికి నడిచి వెళ్లి చూడండి. ఇసుకా? తడిసిన పెయింటు గీతా? ఆ రెంటి మీదా బ్రేక్ వేయకూడదు, తిప్పకూడదు, తిన్నగా దాటాలి. మా పక్కింటాయన పడింది హెల్మెట్ కళ్ల మీదకు జారి. అది కనుబొమలకు రెండు వేళ్ల పైన నిలవాలి, పట్టీకి గడ్డానికి మధ్య ఒకటి రెండు వేళ్లే పట్టాలి. దెబ్బ తలకు తగిలితే ఆ హెల్మెట్ మార్చేయాలి, పైకి బాగానే ఉన్నా సరే.

తొక్కుతుంటే ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా దాన్ని భయం ఖాతాలో వేయకండి. డాక్టర్‌ను కలిశాకే మళ్లీ ఎక్కండి.

కూడలిలో కుడివైపు తిరగలేకపోతున్నాను

పద్ధతి చెబుతాను. ముందుగా వెనక్కి చూసి, కుడి చెయ్యి చాచి, ఖాళీ దొరికినప్పుడే రోడ్డు మధ్యకు జరగాలి. చివరి క్షణంలో అడ్డంగా కోయకూడదు. అది కుదరనంత రద్దీగా ఉంటే ఎడమవైపే ఉండి, కూడలి తిన్నగా దాటేసి, అవతల ఆగి, సైకిల్ కుడివైపుకు తిప్పుకుని, ఆ వైపు పచ్చ సిగ్నల్ పడ్డాక వెళ్లండి. ఒక సిగ్నల్ ఆలస్యం, అంతే. అదీ వద్దనుకుంటే దిగి, జీబ్రా గీతల మీద నడిపించుకుంటూ దాటొచ్చు. మా మెయిన్ రోడ్డు కూడలి దగ్గర ఇప్పటికీ నేను చేసేది అదే.