తెల్లగడ్డ ఒంటికి పట్టేలా చారు ఎలా పెట్టాలి?

మా తిరుపతిలో వెల్లుల్లి అనం, తెల్లగడ్డ అంటాం. కొండమీద ప్రసాదాల్లో దానికి చోటు లేదు. వెంకన్నకు ప్రీతి అని చెప్పుకునే పెరటాసి నెల శనివారాల్లో మా వంటింట్లోకీ రాదు. మిగతా రోజుల్లో చారులో పడాల్సిందే. పడే తీరు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నలుగురికి నిమ్మకాయంత చింతపండు, రెండు టమేటాలు, అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఎనిమిది రెబ్బలు, పోపు సామాన్లు చాలు. చింతపండు నానేసుకోండి. మిరియాలు, జీలకర్ర దంచి పక్కన పెట్టండి. ఇదంతా అందరికీ వచ్చిందే.

ఇప్పుడు తెల్లగడ్డ. పొయ్యి వెలిగించకముందే రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ వద్దు, సగం గిన్నె అంచులకే అంటుకుపోతుంది. దంచాక ఒక గిన్నెలోకి తీసి పది నిమిషాలు ముట్టుకోకండి.

ఎందుకంటే రెబ్బలో అల్లిన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. రెబ్బ నలిగితేనే రెండూ కలిసి అల్లిసిన్ అవుతుంది. ముక్కుకు తగిలే ఘాటు అదే. బాక్టీరియాను అది అడ్డుకుంటుందని కావలిటో, బెయిలీ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1944లోనే చూపించారు. ఆ ఎంజైముకు వేడి గిట్టదు. దంచిన చేత్తోనే కాగే నూనెలో వేశారా, పని మొదలవకముందే అది చచ్చిపోతుంది. పులుపూ గిట్టదు, కాబట్టి చింతపులుసులో వేసి నాననివ్వకండి. పొద్దున్నే రెబ్బను మాత్రలాగా గుటుక్కున మింగే పెద్దమనుషులు మా వీధిలోనూ ఉన్నారు. నమలకపోతే కడుపులోని ఆమ్లమే ఆ ఎంజైము పని పడుతుంది. అంత మొండితనం దేనికో!

ఆ పది నిమిషాల్లో చింతపులుసులో టమేటాలు పిసికి, ఉప్పు, పసుపు, నీళ్లు చేర్చి పొయ్యి మీద పెట్టండి. పొంగు రాగానే దంచిన మిరియాలు, జీలకర్ర పొడి వేయండి. ఆ తర్వాత మరగనిస్తే అది చారు కాదు, కషాయం. పోపులో దంచిన తెల్లగడ్డ సగమే వేయండి. బంగారు రంగు దాటితే చేదెక్కుతుంది. మిగతా సగం పొయ్యి ఆర్పాక పచ్చిగా వేసి మూత పెట్టండి. మా ఇంట్లో ఇదే పద్ధతి, వేరే పద్ధతి చెప్పినా నేను వినను.

ఇక లాభం మాట. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు తెల్లగడ్డ కొద్దిగా తగ్గిస్తుంది, అంతేగాని మాత్రలు మానేసేంత కాదు. చెడు కొలెస్ట్రాల్ కరిగిపోతుందనే ప్రచారం నమ్మకండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 192 మందికి ఆరు నెలలు తెల్లగడ్డ ఇచ్చి చూశారు, 2007లో ఫలితం చెప్పారు: తేడా ఏమీ లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్‌కు వెళ్లబోయేవాళ్లు మాత్రం పచ్చిది రోజూ తినేముందు డాక్టరును అడగాలి.

క్యారియర్‌లో కట్టి ఆఫీసుకు పంపేటట్టయితే ఆ పచ్చి సగం వేయకండి. మూత తీయగానే పక్క సీటాయన కుర్చీ జరుపుకుంటాడు.