చదువు మానేసిన యువత పఠన స్థాయి చూసే ముందు

• ఫలితాన్ని బట్టి వృత్తి శిక్షణలోంచి తీసేయరని ముందే చెప్పండి, అది నిజమైతేనే.

• ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. తోటివాళ్ల ముందు పైకి చదివించొద్దు.

• ఏ భాషలో చదవడం అలవాటో అడగండి. కళ్లద్దాలు అవసరమేమో కూడా. అక్షరాలు రానట్టు కనిపించేది ఒక్కోసారి చూపు సమస్యే.

• చిన్నపిల్లల కథలు వద్దు. 20 ఏళ్ల మనిషికి అవి ఇస్తే మొదట్లోనే చిన్నబుచ్చుకుంటారు. పే స్లిప్, మెషీన్ మీది హెచ్చరిక, పనిముట్టు వాడే విధానం లాంటివి సిద్ధం చేసుకోండి, తేలికవి ముందు. గడగడా చదివేసినా అర్థం కానివాళ్లుంటారు, కూడబలుక్కుంటూనే విషయం పట్టేసేవాళ్లూ ఉంటారు. అందుకే చదివే తీరుకీ, అర్థం చేసుకోవడానికీ వేర్వేరు మార్కులు వేయండి.

• ఏ తరగతిలో మానేశారో చూసి స్థాయి ఊహించొద్దు.

• శిక్షణ చివర ఎంత మెరుగయ్యారో చూడటానికి అదే స్థాయి పాఠం ఇంకొకటి దాచి ఉంచండి.