ఆషాఢంలో గుర్రం లావెక్కితే

ఆషాఢం రాగానే విజయనగరంలో పెళ్లి గుర్రాలకు పని ఉండదు. సరిగ్గా అప్పుడే వానలకు చెరువు గట్ల మీద గరిక చిక్కగా అల్లుకుంటుంది. శ్రావణంలో ఊరేగింపుకని జీను వేయబోతే పట్టీ అందదు.

సమస్య: పక్కటెముకలు చేతికి తగలవు, జూలు కింద మెడ గట్టిపడింది

కారణం: పని ఆగినా ఉలవలు, తవుడు ఆగలేదు.

పరిష్కారం: ఆపవలసింది దాణా, గడ్డి కాదు. చాలామంది గుర్రాన్ని పస్తు పెడతారు. అంతకన్నా పొరపాటు లేదు. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. మేత లేకపోతే పుండ్లు పడతాయి. బలిసిన తట్టు గుర్రాన్ని మాడిస్తే కొవ్వు కరిగి రక్తంలోకి పోటెత్తి, కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు.

దర్జీ టేపుతో ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు సెంటీమీటర్లలో తీయండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే బరువు సుమారుగా కిలోలలో వస్తుంది. 150, 140 అయితే 265 కిలోలు. అందులో నూటికి ఒకటిన్నర వంతు, అంటే రోజుకు సుమారు నాలుగు కిలోల ఎండుమేత చాలు. దాన్ని నాలుగైదు విడతలుగా, చిన్న కన్నుల వల సంచిలో వేలాడదీయండి. పాత చేపల వలతో సరిపెట్టకండి. తెగిన దారం కడుపులోకి పోతుంది.

మన దగ్గర ఎండుగడ్డి అంటే వరిగడ్డే. అదొక్కటే పెడితే పేగుల్లో అడ్డుపడుతుంది. ఎండబెట్టిన గరికలో మూడో వంతుకు మించకుండా, పది రోజుల మీద కలుపుతూ పోండి. గరికను గంటసేపు నానబెడితే చక్కెర కొంత నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోయండి. రాత్రంతా ఉంచితే మన వేడికి పులిసిపోతుంది.

సమస్య: రెండు గంటలే మేపుతున్నా తగ్గదు

కారణం: సాయంత్రం మేపడం. ఎండకు గడ్డిలో చక్కెర అప్పటికి బాగా పేరుకుంటుంది. పైగా సమయం తక్కువని తెలిసిన గుర్రం ఆబగా మేస్తుంది.

పరిష్కారం: తెల్లవారుజామునే విప్పి, ఎండ ఎక్కేలోగా కట్టేయండి. దూడ మూతికి కట్టే చిక్కం లాంటిది, అడుగున రూపాయి బిళ్లంత కన్నంతో, నీళ్లు తాగే వీలుండేలా కట్టండి.

సమస్య: గిట్టలు వేడిగా ఉన్నాయి, ముందు కాళ్లు చాపి బరువు వెనక్కి వేస్తోంది

ఇది లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొర వాచే జబ్బు కావచ్చు. పచ్చగడ్డి వెంటనే ఆపి, మెత్తని ఇసుక మీద నిలబెట్టండి. పశువుల ఆసుపత్రికి నడిపించుకుని వెళ్లకండి. డాక్టరునే ఆ పూటే పిలిపించండి.